టెస్టులన్నీ పాస్, రశీదులు మాత్రం వెళ్లడం లేదు: జాబ్ క్యూలో సరిగా పడిందని ఎలా పరీక్షించాలి?

తుంగభద్ర_తీరం
మాది కాలేజీ ఫీజులు కట్టించుకునే వెబ్ అప్లికేషన్. రైల్స్ 7.1, జాబ్‌లను (తర్వాత చేయాల్సిన పనులను) క్యూలో వేయడానికి యాక్టివ్ జాబ్, వాటిని వెనక నడిపేది సైడ్‌కిక్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. విద్యార్థి డబ్బు కట్టగానే చెల్లింపు రికార్డు సేవ్ అవుతుంది, రశీదు పీడీఎఫ్ తయారుచేసి మెయిల్ పంపే జాబ్ క్యూలో పడుతుంది. పడాలి.

దీనికి రెండు టెస్టులు రాసి ఉన్నాయి. ఒకదానిలో అసర్ట్_ఎన్‌క్యూడ్_విత్ పెట్టి రశీదు జాబ్ ఈ చెల్లింపుతో క్యూలో పడిందా అని చూస్తున్నాం. రెండోదానిలో పర్‌ఫార్మ్_ఎన్‌క్యూడ్_జాబ్స్ బ్లాక్ లోపల మొత్తం నడిపించి, మెయిల్ నిజంగా వెళ్లిందా అని చూస్తున్నాం. రెండూ ఎప్పుడూ పాసే.

ప్రొడక్షన్‌లో మాత్రం కొందరికి రశీదు రావడం లేదు. అందరికీ కాదు, కొందరికే. ఫీజుకు ఆఖరి తేదీ దగ్గరపడ్డప్పుడు ఫిర్యాదులు ఎక్కువ. సైడ్‌కిక్ పేజీ తెరిస్తే రీట్రైలలో (ఫెయిలై మళ్లీ ప్రయత్నించే జాబ్‌లు) ఏమీ లేదు, డెడ్‌లో (ప్రయత్నాలు అయిపోయినవి) ఏమీ లేదు. చెల్లింపు రికార్డు డేటాబేస్‌లో శుభ్రంగా ఉంది. జాబ్ అసలు క్యూలో పడిందా లేదా అన్నదే తెలియడం లేదు. "టెస్టులు రాశామన్నారు కదా" అని మేనేజర్ రోజూ అడుగుతున్నారు. క్యూలో పడటాన్ని పరీక్షించడం అంటే ఇంకేం చూడాలి?

రెండోకప్పు_కాఫీ
జాబ్‌ను ఎక్కడి నుంచి వేస్తున్నారు? కంట్రోలర్ నుంచా, మోడల్ నుంచా? ఆర్గ్యుమెంట్‌గా ఐడీ పంపుతున్నారా, రికార్డునే పంపుతున్నారా?

తుంగభద్ర_తీరం
మోడల్‌లో ఆఫ్టర్_క్రియేట్ కాల్‌బ్యాక్, రికార్డు సృష్టించగానే నడిచేది. రికార్డునే పంపుతున్నాం. కంట్రోలర్‌లో ఒక ట్రాన్సాక్షన్ ఉంది: చెల్లింపు సేవ్, బకాయి తగ్గింపు, కాలేజీ లెడ్జర్‌లో పద్దు. మూడూ కలిసి జరగాలి కాబట్టి.

పాతకాపు
దొరికింది అనుకుంటాను. ఆఫ్టర్_క్రియేట్ నడిచేది ట్రాన్సాక్షన్ లోపల. అంటే మీ జాబ్ రెడిస్‌లోకి (సైడ్‌కిక్ క్యూ ఉండే చోటు) వెళ్లిపోయేసరికి చెల్లింపు ఇంకా కమిట్ కాలేదు, డేటాబేస్‌లో ఖరారు కాలేదు. రెడిస్‌కు మీ పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షన్ సంగతి తెలియదు. సైడ్‌కిక్ వర్కర్ ఖాళీగా ఉంటే కొన్ని మిల్లీసెకన్లలోనే జాబ్‌ను అందుకుంటుంది. అప్పటికి బకాయి, లెడ్జర్ పనులు ఇంకా నడుస్తూనే ఉంటాయి. వర్కర్ వేరే కనెక్షన్‌లో వెతుకుతుంది, ఆ కనెక్షన్‌కు ఈ రికార్డు కనబడదు.

మీరు రికార్డును పంపితే యాక్టివ్ జాబ్ దాన్ని గ్లోబల్ ఐడీగా మార్చి, మోడల్ పేరు, ఐడీ మాత్రమే క్యూలో పెడుతుంది. వర్కర్ వైపు దాన్ని మళ్లీ రికార్డుగా మార్చబోయి దొరక్కపోతే డీసీరియలైజేషన్ ఎర్రర్ వస్తుంది. మామూలుగా అయితే అది రీట్రైలలో కనబడాలి. మీకు కనబడటం లేదంటే నా అనుమానం ఒక్కటే: అప్లికేషన్_జాబ్ ఫైల్ తెరిచి చూడండి. రైల్స్ తయారుచేసి ఇచ్చే ఆ ఫైల్‌లో డిస్కార్డ్_ఆన్ అని ఒక వరుస కామెంట్‌గా ఉంటుంది. అంతర్లీన రికార్డు లేకపోతే జాబ్‌ను వదిలేయడం చాలావరకు క్షేమమే అని దానిపైన ఒక మాట కూడా ఉంటుంది. ఎవరైనా ఆ వరుస ముందున్న గుర్తు తీసేశారేమో చూడండి. తీసేస్తే జాబ్ చప్పుడు లేకుండా చెత్తబుట్టలోకి పోతుంది. లాగ్‌లో "డిస్కార్డెడ్" అని వెతకండి.

తుంగభద్ర_తీరం
పాతకాపు గారూ, మీరు మా కోడ్ చూసినట్టే చెప్పారు. ఆ వరుస తెరిచే ఉంది. లాగ్‌లో డిస్కార్డెడ్ రశీదు జాబ్‌లు వరసగా కనబడుతున్నాయి, రశీదు రాలేదన్న విద్యార్థుల చెల్లింపు ఐడీలే అవి. గిట్ బ్లేమ్ (ఏ వరుసను ఎవరు మార్చారో చూపేది) చూస్తే, ఆ మార్పు చేసినవారు కంపెనీ మారి చాలా కాలమైంది.

అల్లంపచ్చడి
గిట్ బ్లేమ్‌లో ఎప్పుడూ కంపెనీ మారినవాళ్లే దొరుకుతారు. ఉన్నవాళ్లు దొరికిన సందర్భం నేను చూడలేదు.

సీలేరు
ఒక సందేహం. రద్దీగా ఉంటే క్యూ కూడా పొడవవుతుంది, జాబ్ ఆలస్యంగా మొదలవుతుంది. అప్పటికి కమిట్ అయిపోయి ఉండాలి. మరి ఆఖరి తేదీకి ఫిర్యాదులు తగ్గాలి గానీ పెరగడమేమిటి?

పాతకాపు
@సీలేరు మంచి ప్రశ్న. క్యూ పొడవైతే మీరన్నట్టే అవుతుంది. కానీ లెడ్జర్‌లో కాలేజీ మొత్తానికి ఒకే వరుస ఉండి, ప్రతి చెల్లింపూ దాన్నే తాకుతుంటే ఆ వరుస మీద లాక్ కోసం ట్రాన్సాక్షన్లు ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి. కమిట్ ఆలస్యమవుతుంది. రశీదు జాబ్‌లకు వర్కర్లు చాలినంత మంది ఉంటే క్యూలో ఆలస్యం ఉండదు. ఆలస్యమంతా ఒకవైపే.

తుంగభద్ర_తీరం
ఒక్కో కాలేజీకి ఒకే వరుస. అవును.

నిశాచరి
మా దగ్గర రికార్డు పంపం, ఐడీ మాత్రమే పంపుతాం, యాక్టివ్ జాబ్ లేకుండా నేరుగా సైడ్‌కిక్. ఇదే తప్పు మా కోడ్‌లోనూ ఉండేది. కానీ రికార్డు దొరకలేదన్న ఎర్రర్ రీట్రైలలోకి వెళ్లి, కొద్ది సెకన్లకు మళ్లీ నడిచి, మెయిల్ వెళ్లిపోయేది. సైడ్‌కిక్ డిఫాల్ట్‌గా 25 సార్లు, దాదాపు మూడు వారాల పాటు ప్రయత్నిస్తుంది కదా. అందుకే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఎర్రర్ ట్రాకర్ నిండిపోతుంటే "అవి మామూలే" అనేవారు.

రెండోకప్పు_కాఫీ
సరే, ఆఫ్టర్_కమిట్‌కు (కమిట్ అయ్యాకే నడిచే కాల్‌బ్యాక్) మార్చమని అందరం చెబుతాం, మారుస్తారు. కానీ ఆయన అడిగింది టెస్ట్ గురించి. రెండు టెస్టులూ ఎందుకు పట్టుకోలేదో ముందు చూడాలి.

మొదటి టెస్టులో ఉన్నది టెస్ట్ అడాప్టర్. అది జాబ్‌ను ఒక అరేలో రాసిపెట్టుకుంటుంది, అంతే. వర్కర్ లేదు, రెండో కనెక్షన్ లేదు. జాబ్ కమిట్‌కు ముందు పడిందా తర్వాత పడిందా అన్న తేడా ఆ అరేకు లేదు. రెండోది జాబ్‌ను అక్కడికక్కడే, అదే ప్రాసెస్‌లో, అదే డేటాబేస్ కనెక్షన్‌లో నడుపుతుంది. అదే కనెక్షన్ కాబట్టి కమిట్ కాని రికార్డు కూడా కనబడుతుంది. ప్రొడక్షన్‌లో ఫెయిల్ అయ్యేదానికి అక్కడ పాస్ కావడం తప్ప వేరే దారి లేదు.

కమిట్ తర్వాతే క్యూలో పడుతోందని పరీక్షించడానికి నాకు తెలిసిన తేలిక పద్ధతి: ట్రాన్సాక్షన్‌ను కావాలని చెడగొట్టడం. లెడ్జర్ పద్దు రాసే మెథడ్‌ను స్టబ్ చేసి (దాని బదులు నకిలీది పెట్టి) అక్కడ ఎర్రర్ లేపండి. మొత్తం రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే రద్దవుతుంది. ఆ పనంతా అసర్ట్_నో_ఎన్‌క్యూడ్_జాబ్స్ బ్లాక్‌లో పెట్టి, ఓన్లీ దగ్గర రశీదు జాబ్ పేరు ఇవ్వండి. ఆఫ్టర్_క్రియేట్ ఉంటే చెల్లింపు రద్దయినా జాబ్ అరేలో ఉండిపోతుంది, టెస్ట్ ఫెయిల్. ఆఫ్టర్_కమిట్ ఉంటే అరే ఖాళీ, పాస్. రెడిస్ అక్కర్లేదు, స్లీప్‌లు అక్కర్లేదు.

తుంగభద్ర_తీరం
ఇది నాకు తట్టనే లేదు. డబ్బు కట్టినట్టు రశీదు వెళ్లి, చెల్లింపు మాత్రం రద్దైపోవడం ఇంకా ప్రమాదం కదా.

రెండోకప్పు_కాఫీ
అదే. రశీదు రాకపోతే ఫోన్ చేస్తారు. రాకూడని రశీదు వస్తే ఎవరూ ఫోన్ చేయరు.

కొత్తకోడరు
టెస్టులన్నీ ఎలాగూ ట్రాన్సాక్షన్ లోపలే నడిచి చివర్లో రోల్‌బ్యాక్ అవుతాయి కదా. మరి ఆఫ్టర్_కమిట్ టెస్టులో అసలు నడుస్తుందా?

పాతకాపు
@కొత్తకోడరు రైల్స్ 5.0 నుంచి నడుస్తుంది. బయట టెస్ట్ కోసం తెరిచిన ట్రాన్సాక్షన్‌ను లెక్కలోకి తీసుకోకుండా, మీ కోడ్ తెరిచినదాన్నే అసలు ట్రాన్సాక్షన్‌గా చూస్తుంది. అంతకుముందు దీనికోసం విడిగా ఒక జెమ్ పెట్టుకోవాల్సి వచ్చేది. పాత బ్లాగులు చదివి ఇప్పటికీ డేటాబేస్_క్లీనర్‌తో టేబుళ్లు ఖాళీ చేసుకుంటూ కూర్చునేవాళ్లు ఉన్నారు, వాళ్ల టెస్టులు నడిచేసరికి భోజనం చేసి రావచ్చు.

జాంగో_జానకి
మా జాంగోలో (పైథాన్ ఫ్రేమ్‌వర్క్) ఇది తిరగబడి ఉంటుంది. కోడ్ సరిగా రాసి, ట్రాన్సాక్షన్ ఆన్_కమిట్ లోపల సెలరీ (మాకు సైడ్‌కిక్ లాంటిది) టాస్క్‌ను పిలిస్తే, టెస్ట్‌కేస్ క్లాసులో కమిట్ ఎప్పటికీ జరగదు కాబట్టి ఆ ఫంక్షన్ నడవనే నడవదు. కోడ్ సరైనదే, టెస్ట్ ఫెయిల్. అప్పుడు కొందరు ఏం చేస్తారంటే, టెస్ట్ పాస్ కావడానికి ఆన్_కమిట్ తీసేస్తారు! ఇది నేను కోడ్ రివ్యూలో కళ్లారా చూశాను. "ఫ్లేకీ టెస్ట్ సరిచేశాను" అని కమిట్ మెసేజ్.

జాంగో 3.2లో, అంటే 2021లో, క్యాప్చర్‌ఆన్‌కమిట్‌కాల్‌బ్యాక్స్ వచ్చాక ఈ బాధ పోయింది. ఎగ్జిక్యూట్ ట్రూ అని ఇస్తే బ్లాక్ చివర్లో కాల్‌బ్యాక్‌లను నడిపిస్తుంది. ఇవ్వకపోతే ఎన్ని చేరాయో లెక్క చూసుకోవచ్చు. ఎన్ని చేరాయన్నది కూడా పనికొచ్చే పరీక్షే. సెలరీ 5.4 నుంచి డిలే_ఆన్_కమిట్ అని నేరుగా కూడా ఉంది, కాకపోతే టాస్క్ ఐడీ తిరిగి రాదు. ఐడీని దాచుకుని స్థితి చూపించే పేజీలు ఉంటే గమనించుకోండి.

ఇంకొకటి. టాస్క్_ఆల్వేస్_ఈగర్ (టాస్క్‌ను క్యూలో వేయకుండా అక్కడికక్కడే నడిపేది) పెట్టి అదే యూనిట్ టెస్ట్ అనుకునేవారికి: అది యూనిట్ టెస్టులకు తగదని సెలరీ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

అల్లంపచ్చడి
డాక్యుమెంటేషన్ చదివేవాళ్లు ఇక్కడికి వచ్చి ప్రశ్నలు అడగరు జానకి గారూ.

సీలేరు
అందరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి నేను ఒప్పుకోను. జాబ్ క్యూలో పడిందా అని పరీక్షించడం ఫ్రేమ్‌వర్క్‌ను పరీక్షించడమే. పర్‌ఫార్మ్_లేటర్ అని కోడ్‌లో రాశాను, పర్‌ఫార్మ్_లేటర్ పిలిచారా అని టెస్టులో రాశాను. ఒకే మాట రెండుసార్లు. దాని బదులు మొదటి నుంచి చివరిదాకా నడిచే టెస్ట్ ఒకటి ఉంటే చాలు.

జాంగో_జానకి
@సీలేరు మాక్ (అసలుదాని బదులు నకిలీది) పెట్టి పరీక్షించేవాళ్ల విషయంలో మీ మాట నిజమే. టాస్క్ డిలేను మాక్ చేస్తే అది ఏ ఆర్గ్యుమెంట్లు ఇచ్చినా తలూపుతుంది. టాస్క్‌కు కొత్త పారామీటర్ చేర్చి పిలిచేచోట మరిచిపోతే అసలు సెలరీ అక్కడే టైప్ ఎర్రర్ ఇస్తుంది, మాక్ ఇవ్వదు. ఆటోస్పెక్ (అసలుదాని ఆర్గ్యుమెంట్ల రూపాన్నే పాటించే మాక్) పెట్టినా లాభం లేదు, డిలే తీసుకునేది ఎన్ని ఆర్గ్యుమెంట్లనైనా తీసుకునే రూపంలోనే కాబట్టి.

పాతకాపు
@సీలేరు "పిలిచారా" అన్నదే ప్రశ్న అయితే మీరు గెలిచినట్టే. కానీ ఎప్పుడు పిలవకూడదు అన్నది మీ కోడ్‌దే. చెల్లింపు ఫెయిల్ అయితే పడకూడదు. పాక్షిక చెల్లింపుకు వేరే జాబ్ పడాలి. విద్యార్థికి మెయిల్ లేకపోతే ఎస్ఎంఎస్ జాబ్ పడాలి. ఈ నిర్ణయాలు ఏ ఫ్రేమ్‌వర్క్ చేసిపెడుతుంది? నా టెస్టుల్లో పడకూడని సందర్భాలే ఎక్కువ ఉంటాయి. పడాల్సినదానికి ఒకటి చాలు.

మొదటి నుంచి చివరిదాకా నడిచే టెస్ట్ మంచిదే, కానీ పీడీఎఫ్ తయారీతో సహా నడిచే టెస్టులు ఇన్ని సందర్భాలకు రాస్తే బిల్డ్ ఎప్పటికి పూర్తవుతుంది?

సీలేరు
పడకూడని సందర్భాలు అన్నది ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

వాన_చినుకు
పడకూడనివాటిలో ముఖ్యమైనది ఒకటి. పేమెంట్ గేట్‌వేలు ఒకే వెబ్‌హుక్‌ను (చెల్లింపు గురించి మన సర్వర్‌కు పంపే కబురు) రెండుసార్లు పంపుతాయి. మన సర్వర్ జవాబు ఆలస్యమైతే మళ్లీ పంపడం వాటి పద్ధతి. టెస్టులో అదే పేలోడ్‌ను రెండుసార్లు పోస్ట్ చేయండి, రశీదు జాబ్ ఒక్కటే పడాలి. చాలామంది ఒకసారి పోస్ట్ చేసి ఆగిపోతారు. జాబ్ కూడా రెండుసార్లు నడిచినా చెడిపోకుండా రాయాలి, సైడ్‌కిక్ కనీసం ఒకసారి నడుస్తుందనే చెబుతుంది గానీ కచ్చితంగా ఒక్కసారే అని మాట ఇవ్వదు.

లారావెల్_లంక
పీహెచ్‌పీ వాళ్లం కూడా ఉన్నాం. ఆ డిస్కార్డ్_ఆన్ కథ లారావెల్‌లోనూ అచ్చుగుద్దినట్టు ఉంది: జాబ్ క్లాసులో డిలీట్‌వెన్‌మిస్సింగ్‌మోడల్స్ ట్రూ అని పెడితే మోడల్ దొరకని జాబ్‌ను నోరెత్తకుండా తీసేస్తుంది. కమిట్ కాకముందు డిస్పాచ్ చేస్తే ఇదే గతి. దానికి ఆఫ్టర్‌కమిట్ ఉంది, క్యూ కనెక్షన్ కాన్ఫిగరేషన్‌లోనూ పెట్టుకోవచ్చు.

టెస్టుల్లో క్యూ ఫేక్ పెట్టి అసర్ట్‌పుష్డ్ చూస్తాం. నేను మాత్రం అసర్ట్‌పుష్డ్‌ఆన్ వాడతాను, ఏ క్యూలో పడిందో కూడా అడుగుతుంది. ఫేక్ పెట్టకపోతే పీహెచ్‌పీయూనిట్ కాన్ఫిగరేషన్‌లో వచ్చే సింక్ అన్నింటినీ అక్కడికక్కడే నడిపేస్తుంది, తెలియకుండానే.

నిశాచరి
లంక గారు క్యూ పేరు ఎత్తారు కాబట్టి. మా దగ్గర జరిగింది చెబుతాను.

పాత అప్లికేషన్. డెలివర్_లేటర్‌తో వెళ్లే మెయిళ్లన్నీ మెయిలర్స్ అనే క్యూలో పడతాయి, రైల్స్ పాత డిఫాల్ట్ అదే. 6.1 డిఫాల్ట్‌ల నుంచి మామూలు డిఫాల్ట్ క్యూలోకే వెళ్తాయి. సర్వర్లు మార్చేటప్పుడు సైడ్‌కిక్ కాన్ఫిగరేషన్ ఫైల్ కొత్తగా రాశారు, అందులో మెయిలర్స్ పేరు లేదు. సైడ్‌కిక్ తనకు చెప్పిన క్యూలనే చూస్తుంది. ఎర్రర్ లేదు, రీట్రై లేదు. రెడిస్‌లో మెయిలర్స్ క్యూ పెరుగుతూ పోయింది. టెస్టులన్నీ పాస్, ఎందుకంటే జాబ్ మెయిలర్స్ క్యూలో నిక్షేపంగా పడుతోంది. వినేవాడు లేడు.

అప్పటి నుంచి ఒక టెస్ట్ ఉంచాను. అన్ని క్లాసులనూ ఈగర్ లోడ్ చేసి (ముందే మెమరీలోకి తెచ్చి), అప్లికేషన్_జాబ్ నుంచి పుట్టిన ప్రతి క్లాసు క్యూ పేరూ తీసి, దానికి యాక్షన్ మెయిలర్ క్యూ పేరు కలిపి, సైడ్‌కిక్ యామల్ ఫైల్‌లో ఉన్న పేర్లతో పోల్చి చూస్తుంది. ఫైల్‌లో లేని పేరు ఒక్కటి ఉన్నా ఫెయిల్. పది వరుసలు కూడా ఉండదు. యాక్టివ్ స్టోరేజ్ లాంటివి తమ జాబ్‌లకు సొంత క్యూ పేర్లు పెట్టుకుంటాయి కొన్ని వెర్షన్లలో, అవీ కలపండి.

తుంగభద్ర_తీరం
నిశాచరి గారూ, ఇది ఇప్పుడే రాశాను. మాకు రెండు దొరికాయి. ఒకటి ఎవరూ వాడని పాత జాబ్. రెండోది స్కాలర్‌షిప్ నివేదిక. అది ఎప్పటి నుంచి నడవడం లేదో లెక్కల విభాగాన్ని అడగాలంటే భయంగా ఉంది.

అల్లంపచ్చడి
అడగకండి. వాళ్లు చేత్తో రాసుకోవడం అలవాటు చేసుకుని ఉంటారు.

కొత్తకోడరు
నాదొక చిన్న ప్రశ్న. నా టెస్టులో అసర్ట్_ఎన్‌క్యూడ్_జాబ్స్ 1 అని ఉంది. నిన్న టీంలో ఎవరో యూజర్ మోడల్‌కు ఒక అనలిటిక్స్ జాబ్ కలిపారు. ఇప్పుడు నా ఫైల్‌లో సగం టెస్టులు "1 అనుకుంటే 2 వచ్చాయి" అంటున్నాయి. అన్నీ 2 చేసేయనా?

పాతకాపు
వద్దు తమ్ముడూ. రేపు ఇంకొకరు మూడోది కలుపుతారు. ఓన్లీ అని ఇచ్చి నీ జాబ్ క్లాసు పేరు రాయి. మొత్తం ఎన్ని పడ్డాయన్నది నీ టెస్టుకు సంబంధం లేని విషయం.

రెండోకప్పు_కాఫీ
దానికి తోడు, సైడ్‌కిక్ ఫేక్ (జాబ్‌లను నడపకుండా జాబితాలో ఉంచే టెస్ట్ పద్ధతి) వాడేవాళ్లు ప్రతి టెస్టుకు ముందు క్లియర్_ఆల్ పిలవాలి. ఆ జాబ్‌ల జాబితా ఒక టెస్టు నుంచి ఇంకోదానికి మిగిలిపోతుంది. విడిగా నడిపితే పాస్, కలిపి నడిపితే ఫెయిల్, అదీ వరుస మారినప్పుడల్లా వేరే టెస్ట్. ఇలాంటిది వెతకడం కన్నా పెళ్లి సంబంధాలు వెతకడం తేలిక.

ఇంకో సంగతి: నేరుగా పర్‌ఫార్మ్_అసింక్ పిలిచే సైడ్‌కిక్ జాబ్‌లు యాక్టివ్ జాబ్ హెల్పర్లకు కనబడవు. రెండు రకాలూ కలిపి ఉన్న అప్లికేషన్‌లో అసర్ట్_నో_ఎన్‌క్యూడ్_జాబ్స్ పాస్ అయిందంటే ఏమీ పడలేదని కాదు.

వాన_చినుకు
ఆ రెండు రకాలకూ ఆర్గ్యుమెంట్ల విషయంలోనూ తేడా ఉంది. మా రశీదు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. జాబ్‌కు ఆప్షన్ల హ్యాష్‌లో భాష అనే సింబల్ కీతో తెలుగు అని పంపేవాళ్లం. సైడ్‌కిక్ దాన్ని జేసన్ అనే పాఠ్య రూపంలోకి మారుస్తుంది, అటువైపు కీ స్ట్రింగ్ అయి తేలుతుంది. సింబల్‌తో వెతికితే నిల్, నిల్ అయితే డిఫాల్ట్ ఇంగ్లీషు. తెలుగు అడిగినవాళ్లందరికీ ఇంగ్లీషు రశీదులు వెళ్లాయి.

టెస్ట్ ఎందుకు పట్టుకోలేదంటే, అందులో జాబ్ క్లాసుకు న్యూ అని ఒక వస్తువు చేసి పర్‌ఫార్మ్‌ను నేరుగా పిలిచేవాళ్లం. జేసన్ మధ్యలో లేదు. సైడ్‌కిక్ ఫేక్, ఇన్‌లైన్ రెండూ జేసన్ చేసి వెనక్కి తెస్తాయి, వాటి గుండా వెళ్లి ఉంటే దొరికేది. సైడ్‌కిక్ 7 నుంచి ఇలాంటి ఆర్గ్యుమెంట్ ఇస్తే క్యూలో వేసేచోటే ఎర్రర్ లేపుతుంది, పీడ వదిలింది. యాక్టివ్ జాబ్ అయితే సింబల్ కీలను గుర్తుపెట్టుకుని తిరిగి ఇస్తుంది.

డల్లాస్_మామ
సమయం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇండియాలో ఉన్న ఒక సంస్థకు పనిచేసినప్పటి మాట. బకాయి గుర్తుచేసే మెయిల్ ఉదయం 9 గంటలకు వెళ్లాలి. జాబ్‌ను వెయిట్_అన్‌టిల్‌తో ఉదయం 9కి క్యూలో వేశారు. అందరికీ మధ్యాహ్నం 2:30కి వెళ్లేది. ఎందుకో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది: అప్లికేషన్ టైమ్ జోన్ మార్చలేదు, యూటీసీలో 9.

టెస్ట్ ఉంది, పాస్ కూడా! కోడ్‌లో టైమ్.జోన్‌తో 9 అని రాశారు, టెస్టులో ఎట్ (జాబ్ నడవాల్సిన సమయం) దగ్గర కూడా అదే టైమ్.జోన్‌తో 9 అని రాశారు. రెండూ ఒకే తప్పు చేస్తే తేడా ఎక్కడ వస్తుంది? ఆశించే విలువను కోడ్ లెక్కగట్టినట్టు లెక్కగట్టకూడదు. టెస్టులో "03:30 యూటీసీ" అని అంకెలతో రాసిపెట్టాలి. ముందు ఫ్రీజ్_టైమ్ గానీ ట్రావెల్_టూ గానీ పెట్టాలి, లేకపోతే సెకనులో భిన్నాల తేడాతో ఎట్ సరిపోలక తలనొప్పి.

సీలేరు
మామా, అమెరికాలో కూర్చుని వేసవికాలం గడియారం మార్పు గురించి చెప్పకుండా వదిలేశారు.

డల్లాస్_మామ
ఏడాదికి రెండుసార్లు ఏడుస్తాను, మిగతా రోజుల్లో ఎందుకు గుర్తుచేస్తారు?

రెండోకప్పు_కాఫీ
@తుంగభద్ర_తీరం ఆఫ్టర్_కమిట్ కాల్‌బ్యాక్‌కు మార్చేముందు ఒక ఆలోచన. మోడల్ కాల్‌బ్యాక్‌లో ఉంటే, రేపు ఎవరో పాత చెల్లింపులను దిగుమతి చేసే స్క్రిప్టు నడిపిస్తారు, వేల రశీదులు బయటికి పోతాయి. జాబ్‌ను మోడల్ నుంచి తీసి, ట్రాన్సాక్షన్ బ్లాక్ ముగిశాక కింద వరుసలో పిలవడం నాకు ఇష్టం.

పాతకాపు
దానిలోనూ చిక్కు ఉంది. ఆ సర్వీసును ఇంకొకరు తమ ట్రాన్సాక్షన్ లోపల పిలిస్తే "బ్లాక్ ముగిశాక" అన్నది నిజం కాదు, బయటి ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచే ఉంటుంది. ఆఫ్టర్_కమిట్ అయితే అన్నిటికన్నా బయటిదాని కోసం ఆగుతుంది. రైల్స్ 7.2లో ఆఫ్టర్_ఆల్_ట్రాన్సాక్షన్స్_కమిట్ అని మోడల్‌తో పని లేకుండా వాడుకునేది వచ్చింది. అదే వెర్షన్‌లో జాబ్ క్లాసుకే ఎన్‌క్యూ_ఆఫ్టర్_ట్రాన్సాక్షన్_కమిట్ అని పెట్టుకునే సదుపాయం కూడా వచ్చింది. కాకపోతే దాని డిఫాల్ట్ 7.2లో ఒకలా, 8.0లో ఒకలా ఉంది. డిఫాల్ట్‌ను నమ్మకుండా మీకు కావాల్సింది స్పష్టంగా రాసుకోండి. రోల్‌బ్యాక్ టెస్ట్ ఉంటే అప్‌గ్రేడ్ రోజున అదే చెబుతుంది.

నిశాచరి
ఇద్దరూ చెప్పనిది: కమిట్ అయ్యాక, రెడిస్‌కు పంపేలోపు ప్రాసెస్ పడిపోతే? చెల్లింపు ఉంది, జాబ్ లేదు. ఎంత టెస్ట్ రాసినా ఆ సందు మూసుకోదు. చెల్లింపు టేబుల్‌లో రశీదు పంపిన సమయం అని ఒక కాలమ్ పెట్టి, అది ఖాళీగా ఉన్న గంట పాత చెల్లింపులన్నిటికీ మళ్లీ జాబ్ వేసే పని ఒకటి రాత్రిపూట నడపండి. దాని టెస్ట్ తేలిక: గంట దాటినది ఒకటి, దాటనిది ఒకటి, ఇప్పటికే రశీదు వెళ్లినది ఒకటి తయారుచేయండి. మొదటిదానికే జాబ్ పడాలి.

అలా వేసేటప్పుడు పర్‌ఫార్మ్_ఆల్_లేటర్ వాడితే, 7.1లో వచ్చింది, ఒక్కో జాబ్‌కూ ఉండే ఎన్‌క్యూ కాల్‌బ్యాక్‌లు నడవవని గుర్తుంచుకోండి. బిఫోర్_ఎన్‌క్యూలో ఏదైనా తనిఖీ పెట్టుకుని ఉంటే అది దాటిపోతుంది.

జాంగో_జానకి
ఇది మొదటే చేసి ఉంటే తుంగభద్ర గారి విద్యార్థులకు రశీదు కనీసం మర్నాడు ఉదయానికి చేరేది. నేనైతే టెస్ట్ కన్నా ముందు ఇదే పెడతాను.

తుంగభద్ర_తీరం
ఇవాళ ప్రొడక్షన్‌లోకి వెళ్లినవి: ఆఫ్టర్_కమిట్, రాత్రి పని. డిస్కార్డ్_ఆన్ వరుస తీసేశాం, నిజంగా రికార్డు పోయే అవకాశం ఉన్న రెండు జాబ్‌లలో మాత్రం విడిగా పెట్టాం. రోల్‌బ్యాక్ టెస్ట్‌ను ముందు పాత కోడ్ మీద నడిపి ఫెయిల్ అవుతోందని చూసుకున్నాకే మార్పు చేశాను. వెబ్‌హుక్ రెండుసార్లు పంపే టెస్ట్ ఇంకా రాయాలి. పర్‌ఫార్మ్_ఎన్‌క్యూడ్_జాబ్స్ టెస్ట్ ఒక్కటి అలాగే ఉంచాను, సీలేరు గారి కోసం.

సీలేరు
ధన్యుణ్ని.

లారావెల్_లంక
డిప్లాయ్ చేసేటప్పుడు జాబ్ క్లాసు పేరు గానీ ఆర్గ్యుమెంట్లు గానీ మార్చారా? మార్చితే అప్పటికే రెడిస్‌లో ఉన్న పాత జాబ్‌లు పాత పేరుతో, పాత ఆర్గ్యుమెంట్లతో కొత్త కోడ్‌కు తగులుతాయి. వాయిదా వేసిన జాబ్‌లైతే వారం తర్వాత తగులుతాయి. పేరు మార్చేటప్పుడు పాత క్లాసును ఖాళీగా వారసత్వంతో కొన్నాళ్లు ఉంచి, పాత రూపంలో ఉన్న పేలోడ్‌ను ఒక ఫైల్‌గా దాచుకుని దాన్ని నడిపే టెస్ట్ ఒకటి పెట్టడం మా అలవాటు.

తుంగభద్ర_తీరం
పేరు మార్చలేదు. మార్చాలనుకున్నాం, ఇప్పుడు అనుకోవడం లేదు.

కొత్తకోడరు
ఆలస్యంగా అడుగుతున్నాను. మాది కొత్త ప్రాజెక్టు, రైల్స్ 8, సాలిడ్ క్యూ. జాబ్‌లు కూడా డేటాబేస్‌లోనే ఉంటాయి కదా. ట్రాన్సాక్షన్ రద్దైతే జాబ్ కూడా దానంతటదే రద్దవుతుందని సీనియర్ అంటున్నారు. కానీ రెండోకప్పు గారు చెప్పిన రోల్‌బ్యాక్ టెస్ట్ రాస్తే ఫెయిల్ అవుతోంది.

రెండోకప్పు_కాఫీ
టెస్టులో సాలిడ్ క్యూ నడవడం లేదు, టెస్ట్ అడాప్టర్ నడుస్తోంది. దాని జాబితా మెమరీలో ఉంటుంది, రోల్‌బ్యాక్ దాన్ని తాకదు. మీ సీనియర్ మాట నిజమే అయితే ఆ ఒక్క టెస్టుకు సాలిడ్ క్యూ అడాప్టర్ పెట్టి, జాబ్‌ల టేబుల్‌లో వరుసలు పెరగలేదని చూడండి.

పాతకాపు
నిజమా అన్నది ముందు చూడు. డేటాబేస్ యామల్ ఫైల్‌లో ప్రొడక్షన్ కింద క్యూ అని విడిగా ఇంకో డేటాబేస్ ఉందా? రైల్స్ 8 కొత్త అప్లికేషన్‌కు అలాగే తయారుచేసి ఇస్తుంది. ఉంటే కనెక్షన్లు రెండు, ట్రాన్సాక్షన్లు రెండు. ఒకటి రద్దైనా రెండోది ఉంటుంది.

కొత్తకోడరు
ఉంది. ప్రొడక్షన్‌లో మాత్రమే ఉంది.

పాతకాపు
అయితే ఫెయిల్ అవుతున్న టెస్టే సరైనది. జాబ్ క్లాసులో ఎన్‌క్యూ_ఆఫ్టర్_ట్రాన్సాక్షన్_కమిట్ ట్రూ అని పెట్టి మళ్లీ నడుపు.

కొత్తకోడరు
పాస్. సీనియర్‌కు ఈ పేజీ లింకు పంపాను.

అల్లంపచ్చడి
పంపేముందు ఆయన ఈ చర్చలో ఏ పేరుతో ఉన్నారో కనుక్కున్నారా?